దాలయ్య ఇంటి రణపాల దొంగతనం

తంగేడువలసలో ఎంత తెలివి ఉందో అంతా తమ ఇంట్లోనే ఉందని దాలయ్య వాళ్ళ నమ్మకం. ఆ తెలివి ఎక్కడ గాలికి కొట్టుకుపోతుందోనని కిటికీలు కూడా తెరిచేవాళ్ళు కాదు. ఇంట్లో ఉండేది నలుగురు. దాలయ్య, అతని తల్లి నూకమ్మ, తమ్ముడు గుంపయ్య, భార్య పైడమ్మ. నలుగురిలోకీ పైడమ్మ మరీ తెలివైనది. ఎవరేం చెప్పినా అందులో ఒక్క ముక్క తగ్గించదు, ఒక్క ముక్క కలపదు. "పాలు పొంగేదాకా చూడవే" అని అత్త చెబితే పొంగేదాకా కన్నార్పకుండా చూసేది. పొంగగానే తల పక్కకి తిప్పేసుకునేది.

ఒక వానాకాలం పైడమ్మ అక్క చుట్టపుచూపుగా వచ్చి ఒక ఆకు ఇచ్చింది. మందంగా, నీళ్ళు పట్టి, అంచు చుట్టూ గంట్లు గంట్లుగా ఉందా ఆకు.

"రణపాల ఆకే ఇది. నాటక్కర్లేదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. ఊరికే పారేస్తే చాలు, అదే మొలుస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

అంతే. గుంపయ్య ఆకు తీసుకుని పెరట్లోకి పారేశాడు. మర్నాడు చూస్తే మొలవలేదు. "నీకు పారెయ్యడం చేతకాదురా" అని దాలయ్య దాన్ని తెచ్చి వీధిలోకి పారేశాడు. అప్పుడూ మొలవలేదు. నూకమ్మ కూర్చున్న చోటి నుంచే పారేసింది. పైడమ్మ దణ్ణం పెట్టుకుని మరీ పారేసింది. పది రోజులు వంతులేసుకుని పారేశారు. పదకొండో రోజుకి అందరికీ భుజాలు పట్టేశాయి. ఆకు వెళ్ళి అటక మీద పడింది. తీసే ఓపిక లేక వదిలేశారు.

ఇంకేముంది, పక్షం తిరిగేసరికి ఆకు అంచున ప్రతి గంటులోనూ ఒక బుల్లి మొక్క, వేళ్ళతో సహా.

"చూశావా వదినా, దానికి కావలసింది ఎత్తు" అన్నాడు గుంపయ్య.

పన్నెండు పిలకల్నీ పన్నెండు కుండల్లో పెట్టారు. వాటి ఆకులు రాలాయి. రాలిన ప్రతి ఆకూ మళ్ళీ ఓ డజను పెట్టింది. కుండలైపోయాయి. బిందెల్లో పెట్టారు. బూరెల మూకుట్లో పెట్టారు. దాలయ్య చెప్పుల్లో చెప్పుకొకటి పెట్టారు. అన్నం గిన్నెలో మొక్క ఉందని మూతలో అన్నం వండుకున్నారు. చివరికి గదిలో మంచాల మీద మొక్కలు, మంచాల కింద మనుషులు.

"మనల్ని నమ్ముకుని పుట్టాయి. అవతల పారేస్తామా ఏం?" అనేది పైడమ్మ.

"పారేస్తే ఇంకా మొలుస్తాయే" అనేది నూకమ్మ. అది నిజమే కాబట్టి ఎవరూ పారెయ్యలేదు.

ఇలా ఉండగా పైడమ్మ కూతురు రవణమ్మ నుంచి కబురొచ్చింది. పెళ్ళయిన ఐదేళ్ళకి కడుపు పండింది, నెలలు నిండాయి, శుక్రవారం అత్తగారితో పురిటికి వస్తోంది. "అమ్మా, గది ఖాళీ చేసి మంచం వేసి ఉంచు. చోటు లేకపోతే అదే బండిలో వెనక్కి తీసుకుపోతానంటోంది మా అత్త" అని చెప్పి పంపింది.

పైడమ్మ తన గడపలో పసిగుడ్డు ఏడుపు వినాలని ఐదేళ్ళుగా చెవులు ఒగ్గుకుని కూర్చుంది. గదిలో చూస్తే కాలు పెట్టే సందు లేదు.

"ఊళ్ళో ఇంటికొకటి పంచేద్దాం" అన్నాడు దాలయ్య. మంచి మాటే. పక్కింటి తవుడమ్మని పిలిచారు. ఆవిడ సంతోషంగా చెయ్యి చాపింది. పైడమ్మ మొక్క చేతిలో పెట్టబోయింది.

"ఆగవే" అని నూకమ్మ అడ్డం పడింది. "మొక్క చేతికిస్తే బతకదు. దొంగిలిస్తేనే బతుకుతుంది. మా అమ్మమ్మ కాలం నుంచీ అంటున్న మాట."

అంతే, పైడమ్మ మొక్కని వెనక్కి లాక్కుంది.

"ఎంత గండం తప్పింది. తవుడమ్మొదినా, ఇవ్వను. నువ్వే దొంగతనం చెయ్యి."

"నేనా?" అంది తవుడమ్మ.

"నువ్వైతే బాగా చేస్తావు. చూస్తేనే తెలుస్తోంది."

తవుడమ్మ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఇంక లాభం లేదని నలుగురూ ఆలోచించారు. ఎదురుగా చూస్తుంటే ఎవరు మాత్రం దొంగిలిస్తారు? ఆదివారం పొద్దున్నే తలుపులు బార్లా తీసి, అరుగు మీద గోడకేసి తిరిగి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. దారినపోయే పెద్దమనిషి ఒకాయన చూసి, ఇంట్లో ఏదో జరగరానిది జరిగిందనుకుని, కండువా తీసి పక్కనే కూర్చున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకడు. మధ్యాహ్నానికి వీధిలో సగం మంది గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నారు.

"ఎప్పుడు పోయారు?" అని గొంతు తగ్గించి అడిగాడు పెద్దమనిషి.

"ఇంకా ఒక్కటీ పోలేదండీ. అదే మా బాధ" అన్నాడు దాలయ్య.

ఆ రోజు అలా అయింది. మంగళవారం గుంపయ్య డప్పు కొట్టించాడు. "రేపు ఉదయం తొమ్మిది గంటలకి దాలయ్య గారి ఇంట్లో దొంగతనం జరుగును. పెద్దలందరూ పిల్లాపాపలతో విచ్చేసి జయప్రదం చెయ్యవలెను." ఊళ్ళోవాళ్ళు ఎంతైనా మంచివాళ్ళు. ఎనిమిదింటికే కర్రలు పుచ్చుకుని వచ్చి ఇంటి చుట్టూ కాపలా కాశారు. చీమని కూడా లోపలికి పోనివ్వలేదు. పైడమ్మ నీళ్ళు తెచ్చుకోవడానికి వెళ్ళొస్తే, నువ్వెవరివని అడిగి గాని గుమ్మం ఎక్కనివ్వలేదు.

"ఎంతమంది దొంగలొచ్చినా పర్లేదు తల్లీ, మేమున్నాం" అన్నారు.

"మీరున్నారనే ఒక్కడూ రావట్లేదు" అని పైడమ్మ కళ్ళొత్తుకుంది.

ఆ డప్పు పక్కూరి దొంగ ఒకడి చెవిన పడింది. కాపలావాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోయాక, గురువారం మిట్టమధ్యాహ్నం వాడు గోనెసంచీతో లోపలికొచ్చాడు. వాణ్ణి చూసి నలుగురూ గబుక్కున కళ్ళు మూసుకున్నారు. పైడమ్మకైతే ఆనందంతో ఒళ్ళు పులకరించింది. వాడు ఇత్తడి బిందె ఎత్తాడు, మొక్కని నేలమీద గుమ్మరించాడు, బిందె సంచీలో వేసుకున్నాడు. మూకుడు ఎత్తాడు, మొక్క గుమ్మరించాడు. ఇలా పదిహేను గుమ్మరించి సంచీ భుజాన వేసుకుని పోతుంటే పైడమ్మ ఒక కన్ను తెరిచింది.

"అయ్యో, మొక్కలు మర్చిపోయాడు."

ఇంకేముంది, నలుగురూ చేతినిండా మొక్కలు పట్టుకుని వాడి వెంట పడ్డారు. వాడు చేలకి అడ్డంపడి పరిగెత్తాడు. గట్టు తట్టుకుని బోర్లా పడ్డాడు.

"తల్లీ, మీ కాళ్ళు పట్టుకుంటాను. మీ గిన్నెలు మీరు తీసుకోండి."

"గిన్నెలు ఉంచుకో నాయనా. మొక్క తీసుకో."

"సరే, ఇవ్వండి."

"ఇవ్వం. ఇస్తే చచ్చిపోతుంది. దొంగిలించు." నలుగురూ వాడి చుట్టూ మొక్కలు పెట్టి, వీపులు తిప్పి నిలబడ్డారు.

వాడు ఈ నలుగురి వీపులకేసీ చూశాడు. ఒకే ఒక్క ఆకు తుంచుకుని, సంచీ అక్కడే వదిలేసి పరుగో పరుగు. అన్ని మొక్కల్లో ఆ ఒక్క ఆకే పోయింది. ఇంటికొచ్చి చూస్తే, గుమ్మరించిన మొక్కల ఆకులన్నీ విరిగి నేలంతా పరుచుకున్నాయి. రెండు వారాలకి ఎన్నవుతాయో గుంపయ్య లెక్క వెయ్యబోతే దాలయ్య వాడి నోరు మూశాడు.

శుక్రవారం తెల్లారింది. పైడమ్మ గుమ్మంలో కూలబడింది. "బండి వచ్చేస్తుంది. నా కూతుర్ని వెనక్కి తీసుకుపోతుంది ఆవిడ" అని వెక్కిళ్ళు పెట్టింది.

"ఏడవకే. దొంగలు దొరక్కపోతే మనమే దొంగలవుదాం" అన్నాడు దాలయ్య.

అంతే. నలుగురూ మొహాలకి గుడ్డలు కట్టుకుని, మునివేళ్ళ మీద నడుస్తూ, తమ మొక్కల్ని తామే పెరటి తలుపులోంచి దొంగిలించారు. గది ఖాళీ అయింది. అదే సమయానికి వీధిలో బండి ఆగింది. రవణమ్మ దిగింది. వియ్యపురాలు గంగులమ్మ గదిలోకి తొంగిచూసి, "బాగానే ఉంచారే" అని కూతుర్ని చూసినట్టు కోడల్ని మంచమ్మీద కూర్చోబెట్టింది. ఆవిడ అలా తల ఎత్తిందో లేదో, వీధి గుమ్మంలోంచి నలుగురు గుడ్డలు కట్టుకున్నవాళ్ళు చేతుల్లో కుండలతో లోపలికి వస్తున్నారు.

"ఎవరివి ఈ మొక్కలు?"

"మావే. మా ఇంట్లోంచి దొంగిలించాం" అన్నాడు దాలయ్య.

"దొంగిలించి ఎక్కడికి తెస్తున్నారు?"

"దొంగ ఎక్కడికి తెస్తాడు వదినా, వాడి ఇంటికే కదా" అంది పైడమ్మ.

గంగులమ్మ గడుసు మనిషి. కాసేపు కళ్ళు చిట్లించి చూసి, "దొంగసొత్తు ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? కంచె పక్కన దాచాలి గాని" అంది. నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, నిజమేనని మొక్కలన్నీ తీసుకెళ్ళి కంచె పొడుగునా దాచారు. గది మళ్ళీ ఖాళీ అయింది. కానీ వీళ్ళని నమ్మి కోడల్ని వదలడానికి గంగులమ్మకి మనసొప్పలేదు. పురుడయ్యేదాకా తనూ ఉండిపోయింది.

పదో రోజు పొద్దున రవణమ్మ సుఖంగా ప్రసవించింది. ఆడపిల్ల. గంగులమ్మ పసిదానికి స్నానం చేయించి, పాత చీరముక్కలో చుట్టి బయటికి తెచ్చింది.

"ఇదిగో వదినా, నీ మనవరాలు. చేతులు చాపు."

పైడమ్మకి కళ్ళంట నీళ్ళు కారుతున్నాయి. ఐదేళ్ళు ఎదురుచూసిన పిల్ల. చేతులు రెండూ గభాలున వీపు వెనక దాచేసుకుంది.

"చేతికివ్వొద్దు వదినా, నీకు పుణ్యముంటుంది. దాన్ని చాప మీద పడుకోబెట్టి, అటు తిరుగు."

ఏదో ఆచారం కాబోలనుకుని గంగులమ్మ అటు తిరిగింది. దాలయ్య పెరటి తలుపు తీశాడు. గుంపయ్య దారి చూపించాడు. గంగులమ్మ ఇటు తిరిగేసరికి చాప మీద పిల్ల లేదు, ఇంట్లో పైడమ్మ లేదు. ఆవిడ గుండెలు బాదుకుంటూ పెరట్లోకొచ్చి, "దొంగ, దొంగ, నా మనవరాల్ని ఎత్తుకుపోయింది" అని ఊరంతా వినపడేలా కేకలు పెట్టింది.

కంచె పక్కన రణపాల మొక్కల మధ్య, పిల్లని ఒళ్ళో పెట్టుకుని, పైడమ్మ ఒదిగి కూర్చుని ఉంది. పసిది కేరుమంది. పైడమ్మ వంగి దాని చెవిలో మెల్లగా చెప్పింది.

"విన్నావా తల్లీ, మీ నాయనమ్మ నన్ను దొంగ అంది. ఇంక నీకు నూరేళ్ళు."