బువ్వాలాటలో దేవుడు

యెహెజ్కేలు అయ్యగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు మంచినీళ్లు అడిగేవారు. ఆయన నీళ్లు తాగేలోగా అడిగినవాళ్ల తొందర సగం తగ్గుతుందని ఆయన నమ్మకం. తగ్గలేదనిపిస్తే రెండో గ్లాసు అడిగేవారు. గోదావరి లంక ఊళ్లలో చర్చి సంఘాలకు కాపరిగా ఉండి, ముసలితనంలో పాస్టరు పని వదులుకున్నా, ఇంటింటికీ తిరిగే అలవాటు మాత్రం వదులుకోలేకపోయారు. ఆయన వస్తున్నారంటే ఊళ్లో కొందరు బిందె నింపుకుని కూర్చుంటారని వేళాకోళంగా చెప్పుకునేవారు.

ప్రేమలీల ఆయన దగ్గర బైబిలు నేర్చుకున్న మనిషే. ఇప్పుడు ఆమె సండే స్కూలు టీచరు. ఆదివారం వచ్చిందంటే పేటలో పిల్లలంతా ఆమె కొంగు పట్టుకు తిరుగుతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తాను రచ్చ గెలిచి ఇంట ఓడిపోయానని ఆమె దిగులు. ఆ మాట ఇంకెవరూ అనలేదు. అనడానికి వీలూ లేదు, ఎందుకంటే ఆమె పెద్దకూతురు హెప్సిబా ఏడేళ్లకే బైబిలు వాక్యాలు అప్పజెప్పే పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుంది.

ఆ సాయంత్రం అయ్యగారు వచ్చి వసారాలో కూర్చున్నారు. ప్రేమలీల ఆయన అడక్కముందే నీళ్లిచ్చి, తన మాట మొదలుపెట్టింది.

"దానికి అన్నీ నేర్పానండీ. వాక్యం నేర్పాను, ప్రార్థన నేర్పాను. కానీ పొద్దున్నే నేను మోకాళ్ల మీద ఉంటే నన్ను దాటుకుని పెరట్లోకి పోతుందండీ. మా అమ్మ ప్రార్థన చేసుకుంటుంటే నేను పిలవకుండానే వెళ్లి ఆవిడ పక్కన చేరేదాన్ని. ఆవిడ ఏమడుగుతుందో నాకేం తెలుసండీ? అక్కడుంటే బాగుండేది, అంతే. ఇదీ ఒక్కరోజు అలా వచ్చి కూర్చుంటే చాలండీ. పిల్లలకి దేవుణ్ణి ఎలా నేర్పాలండీ?"

ఆమె చెప్పనిది ఇంకొంచెం ఉంది. పొద్దున ప్రార్థనలో ఆమె కళ్లు మూసుకునేది గానీ, చెవులు మాత్రం హెప్సిబా కాలి పట్టీల మీదే ఉండేవి. పట్టీల చప్పుడు దగ్గరికొచ్చేది. ఆమె గుండె లేచి కూర్చునేది. చప్పుడు ఆగకుండా పెరట్లోకి వెళ్లిపోయేది. అప్పుడు దేవుణ్ణి తాను ఏమడుగుతోందో ఆమెకు గుర్తుండేది కాదు.

"ఇంట్లో ఎలా నేర్పుతున్నావమ్మా?" అన్నారు అయ్యగారు.

"కుటుంబ ప్రార్థనలో వాక్యం అప్పజెప్పాకే దాని కంచంలో అన్నం వడ్డిస్తానండీ. తప్పు పోతే మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సిందే. మొక్కై వంగనిది మానై వంగదు గదండీ."

అడగందే అమ్మయినా పెట్టదని సామెత. ఈ ఇంట్లో అప్పజెప్పందే అమ్మ పెట్టదు. ప్రేమలీల పెట్టుకున్న ఈ కట్టుబాటును చూసి పేటలో మరో రెండిళ్ల వాళ్లు కూడా అదే పెట్టుకున్నారు. అయ్యగారు రెండో గ్లాసు అడిగారు.

ఆమె నీళ్లు ముంచుతుంటే పెరటి కిటికీలోంచి పిల్లల మాటలు వినిపించాయి. అయ్యగారు లేచి వచ్చి కిటికీ పక్కన నిలబడి, ఆమెను కూడా రమ్మని సైగ చేశారు.

పెరట్లో బువ్వాలాట సాగుతోంది. హెప్సిబా తువ్వాలు చీరలా చుట్టుకుని అమ్మ అయింది. గుడ్డబొమ్మ కూతురు. కొబ్బరిచిప్పలో తడి ఇసుక అన్నం. రెండేళ్లు దాటిన చెల్లెలు షారోను బోర్లించిన బక్కెట్టు మీద, చేతిలో చీపురుపుల్లతో కూర్చుని ఉంది.

"నువ్వు దేవుడివే," అంటోంది హెప్సిబా. "అక్కడే కూర్చోవాలి. కదలకూడదు. మాట్లాడకూడదు. పాప తప్పు చెప్తే నేను నీకు చెప్తాను, అప్పుడు కొట్టు."

దేవుడు సరేనన్నట్టు తలూపి పుల్ల నోట్లో పెట్టుకున్నాడు.

హెప్సిబా బొమ్మ ముందు చిప్ప పెట్టి, మళ్లీ వెనక్కి లాక్కుంది. "వాక్యం చెప్పు. ఊఁ... చెప్పవా? అయితే అన్నం లేదు. దేవుడు చూస్తున్నాడు, తెలుసా?" ఆ గొంతు అచ్చంగా ప్రేమలీలదే. చివర్లో విసుగ్గా విడిచిన ఊపిరితో సహా ఆమెదే.

బొమ్మ ఏమీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? కాసేపటికి దేవుడు పుల్ల పారేసి, బక్కెట్టు మీంచి జారి దిగి, బుడిబుడి అడుగులతో వచ్చి బొమ్మ పక్కన చతికిలబడ్డాడు. చిప్పలోంచి గుప్పెడు ఇసుక తీసి బొమ్మ నోటికి అద్దాడు.

"దేవుడు రాకూడదే! అది వాక్యం చెప్పలేదు."

"పాప... ఆక్కలి," అంది షారోను. మరో గుప్పెడు తీసి, ఈసారి అక్క నోటి దగ్గర పెట్టింది.

హెప్సిబా ముఖం చిట్లించుకుని నిలబడింది. తర్వాత ఏమనుకుందో, వంగి "ఆం" అంటూ ఉత్తుత్తినే తిన్నది. తువ్వాలు విప్పి పక్కన పడేసి చెల్లెలికి ఆనుకుని కూర్చుంది. ఎన్నో పొద్దులు ప్రార్థనలో ప్రేమలీల తన పక్కన ఖాళీగా ఉంచి ఎదురుచూసిన చోటు అలాంటిదే. ఆమెకు ఏడుపొచ్చింది.

"నేనే తప్పు చేశానండీ," అంది కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నాకు నేర్పడం చేతకాలేదు."

"చిన్నదానికి వాక్యాలొచ్చా?" అన్నారు అయ్యగారు.

"దానికింకా మాటలే సరిగ్గా రావు గదండీ."

"మరి అన్నం?"

"పసిదానికి అప్పజెప్పడమేంటండీ? ఆకలని మొహం పెడితే చాలు, ఒళ్లో కూర్చోబెట్టుకుని పెట్టేస్తాను."

అయ్యగారు నీళ్లు పూర్తిగా తాగి గ్లాసు ఆమె చేతికిచ్చారు.

"అయితే దేవుణ్ణి నేర్పడం నీకొచ్చునమ్మా," అన్నారు. "పెద్దదానికి కూడా మొదలుపెట్టు."