తిండి కమిటీ వారి ఫలహారాలు

పెదచెలమ అడవిలో ఎండలు ముదిరాయంటే నీళ్ళుండేది ఒక్కచోటే, కొండ అడుగున ఇసుకలో తవ్విన చెలమలో. జింకైనా, ముళ్ళపందైనా, ఆఖరికి పెద్దపులైనా పూటకొకసారి అక్కడికి దిగిరావలసిందే. నక్క గురవయ్య తన గోతం తెచ్చి సరిగ్గా ఆ చెలమ గట్టునే పెట్టాడంటే ఊరికే పెట్టాడనుకోకండి.

ఆ గోతంలో ఏముండేదంటే, కొండమీద ఘాటు రోడ్డు ఏడో మలుపులో బస్సులు ఆగినప్పుడు జనం కిటికీల్లోంచి విసిరేసిన సరుకంతా. సగం తిన్న చిప్సు పొట్లాలు, క్రీము బిస్కట్లు, అడుగున రెండు గుక్కలు మిగిలిన కూల్‌డ్రింకు సీసాలు. వాటిని ఏరుకొచ్చి, నీళ్ళకొచ్చిన పిల్లలందరికీ పైసా పుచ్చుకోకుండా పంచేవాడు. "మాంసం మానేశానమ్మా, ఇక సేవే నా జీవితం" అనేవాడు. అడవంతా అతణ్ణి మెచ్చుకుంది.

మెచ్చుకోనిది కుందేలు గరికమ్మ ఒక్కతే. ఆవిడ తిన్నగా వెళ్ళి పెద్దపులమ్మ గుహ ముందు నిలబడింది. కుందేలు పులి దగ్గరికి తనంతట తాను వెళ్ళిందంటే కడుపు ఎంత మండి ఉండాలో ఆలోచించండి.

"అమ్మగారూ, చెలమ దగ్గర వేట కూడదని మీరే ఆజ్ఞ వేశారు. గురవయ్య చెలమ దగ్గర వేటాడ్డం లేదు. అక్కడ మేపుతున్నాడు. సాయంత్రం గడ్డిమైదానంలో కాపు కాస్తున్నాడు. పొట్టలు బిగిసి, ఆయాసపడుతూ వచ్చే పిల్లల్ని ఒక్కొక్కరినే పట్టుకుంటున్నాడు. నా అక్క పిల్లలు ఇద్దరు పోయారు. నాకు మిగిలింది నా కూతురు మిణుగు ఒక్కతే. అది నిన్న చీమలపుట్ట దూకలేక పుట్టమీదే కూలబడింది."

"చూశావా, పట్టుకోవడం?"

"చూసినవాళ్ళు తిరిగొచ్చి చెప్పలేదు కదమ్మా."

పెద్దపులమ్మ ఆవలించింది. ఆవిడకు చిప్సు పడవు. "సాక్ష్యం లేదు కాబట్టి శిక్ష లేదు. కానీ పిల్లలు బరువెక్కిన మాట నిజం. కమిటీ వేస్తాను. చదువుకున్నవాడు ఒకడున్నాడుగా, ఎలుగు కంబళయ్య. అతణ్ణి పెద్దగా పెడదాం."

ఇక్కడ కంబళయ్య చదువు గురించి కొంచెం చెప్పాలి. కొంచెమే. పిల్లప్పుడు వలలో చిక్కి, ఒక కాలేజీలో జంతుశాస్త్రం గది వెనక బోనులో మూడేళ్ళు గడిపాడు. కిటికీలోంచి పాఠాలన్నీ విన్నాడు. తోటివాళ్ళు పట్టా పుచ్చుకుని బయటపడితే తాను గడియ విరగ్గొట్టి బయటపడ్డాడు, అదొక్కటే తేడా అని చెప్పుకునేవాడు. ఆ కాలేజీ క్యాంటీనులో మధ్యాహ్నం మూడింటికి మిరపకాయ బజ్జీలు వేసేవారు. బజ్జీకి ఒకవైపు పిండి కొంచెం మాడేది, ఆ మాడిన వాసన... సరే, అది వేరే సంగతి. ఎంత వేరే సంగతంటే, ఇరవయ్యేళ్ళ తర్వాత కంబళయ్యకు పాఠాల్లో ఒక్క ముక్కా గుర్తులేదు, బజ్జీల వాసన మాత్రం గుర్తుంది. ఈ విషయం అతను ఎవరితోనూ అనలేదు.

మొదటి మీటింగు చెలమ గట్టున జరిగింది. మీటింగంటే ఫలహారాలుండాలి కదా. ఆ ఏర్పాటు తనదేనని గురవయ్య ముందుకొచ్చాడు.

"బావగారూ, మీరు మాట్లాడితే గొంతెండుతుంది. ఈ సీసా పక్కన పెట్టుకోండి. ఈ పొట్లం కూడా."

"నేను తిననయ్యా. విషయం తిండి గురించే కదా."

"తినమని ఎవరన్నారు? ఊరికే పక్కనుంటుంది."

ఊరికే పక్కనుంది. కంబళయ్య నిగ్రహం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. నిగ్రహం లేని జీవికి విలువ లేదన్నాడు. మాట ముగిసేసరికి పొట్లం ఖాళీ. రెండో పొట్లం ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు.

నలభై మోదుగాకుల మీద నివేదిక రాశాడు. సారాంశం రెండే ముక్కలు: ప్రతి పొట్లం మీద బొగ్గుతో నల్ల మచ్చ పెట్టాలి, అది చెడ్డదని తెలిసేలా. రోజూ పొద్దున్నే పిల్లలకు కంబళయ్య గారి ప్రసంగం వినిపించాలి.

గురవయ్య నేలమీద పొర్లి దండం పెట్టాడు. "ఎంత గొప్పగా రాశారు బావగారూ! జ్ఞానం పెంచాలి. అంతేగాని ఒకళ్ళ నోటికి ఇంకొకళ్ళు అడ్డం పడకూడదు. ఎవరికి కావాలంటే వాళ్ళు తింటారు, వద్దనుకుంటే మానేస్తారు. మచ్చలు నేనే పెడతాను, మీకెందుకు శ్రమ?"

పెట్టాడు. చక్కగా, గుండ్రంగా పెట్టాడు. వారం తిరక్కుండా పిల్లలు "మచ్చది కావాలి, మచ్చది కావాలి" అని ఏడ్వడం మొదలెట్టారు. ప్రసంగానికి బాగానే వచ్చేవారు. విని, తలలూపి, అటునుంచి అటే గోతం దగ్గరికి వెళ్ళేవారు. దారి అదే మరి.

ఆ వారమే ముళ్ళపంది ఇంటి పక్క కుందేలు పిల్ల ఒకటి సాయంత్రం ఇంటికి రాలేదు.

గరికమ్మ కంబళయ్య గుహకు వచ్చింది. ఏడవలేదు. ఎదురుగా కూర్చుని అతని మూతి వంక చూసింది.

"మావయ్యగారూ, మీ మీసాల్లో ఏమిటది?"

కంబళయ్య తుడుచుకున్నాడు. "అదా... నమూనా. పరీక్ష నిమిత్తం. తినకుండా ఎలా తెలుస్తుంది చెప్పు?"

"ఎన్ని పరీక్షలయ్యాయి?"

"పరిశోధన అంటే ఒకసారితో తేలదమ్మా."

"మీరు కొండలా ఉన్నారు, మీకు పరవాలేదు. మా మిణుగు పరీక్ష తప్పితే ఇంటికి రాదు. నాకు పెద్ద కోరికలేం లేవు. ఇకమీదట కమిటీ ఫలహారాలు నేను చూసుకుంటాను. అంతే."

ఇంత చిన్న కోరికా అని కంబళయ్య సంబరపడ్డాడు. ఇంకేదైనా అడుగుతుందేమోనని, ముఖ్యంగా నివేదిక చదివి వినిపించమంటుందేమోనని, కొంచెం ఆశపడ్డాడు కూడా. అడగలేదు.

మర్నాడు ఆవిడ గురవయ్యతో ఎంతో మర్యాదగా, "అన్నయ్యా, మీటింగు జరిగినన్నాళ్ళు నీ గోతం ఆ బ్రహ్మజెముడు కంచె అవతల పెట్టుకో. ఇక్కడ చోటు చాలడం లేదు" అంది.

"దానికేం చెల్లెమ్మా! పది అడుగులు పెద్ద దూరమా? కావలసినవాళ్ళు వాళ్ళే వస్తారు" అని నవ్వాడు గురవయ్య.

మూడు రోజులు మీటింగులు నడిచాయి. మూడు రోజులూ గరికమ్మ మోదుగాకు దొన్నెల్లో తునికి పండ్లు, మొర్రి పండ్లు నింపి కంబళయ్య చేతికి ఆనేట్టు పెట్టింది. నాలుగో రోజు పెద్దపులమ్మ స్వయంగా వచ్చింది. అడవంతా చేరింది. గురవయ్య మంచి చోటు చూసుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

గరికమ్మ లేచింది. "అమ్మగారూ, మావయ్యగారు మూడు రోజులుగా ఒక్క పొట్లం కూడా ముట్టుకోలేదు. ఎలా మానగలిగారో వారి నోటనే విందాం."

అడిగిందే చాలు. కంబళయ్య వెనక కాళ్ళమీద లేచి నిలబడ్డాడు. "నిగ్రహం! మూడేళ్ళు కాలేజీలో నేర్చుకున్న నిగ్రహం! మనసును ఇలా పట్టుకోవాలి, ఇలా" అని గాలిలో పిడికిలి బిగించి చూపించాడు. దొన్నెలో చెయ్యి పెట్టాడు, నోట్లో వేసుకున్నాడు, గింజ ఊశాడు, మళ్ళీ అందుకున్నాడు. "నిజంగా చదువుకున్నవాడికి ఎదురుగా ఏమున్నా ఒకటే!"

"ఎదురుగా ఏమున్నా ఒకటేనా మావయ్యగారూ?"

"ఒకటే!"

"అయితే చిన్న మార్పు." గరికమ్మ దొన్నెలన్నీ తీయించి కంచె అవతల పెట్టించింది. గురవయ్య గోతం తెప్పించి, మూతి విప్పి, కంబళయ్య మోకాలి పక్కన ఆనించింది. "ఇప్పుడు ఆ ప్రసంగమే ఇంకోసారి చెప్పండి."

గురవయ్య చెవులు నిక్కాయి. ఇందులో తనకేం నష్టమో అతనికి అంతుచిక్కలేదు. గోతం తిరిగొచ్చింది కదా అనుకున్నాడు.

కంబళయ్య గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఇంకా గట్టిగా, ఇంకా నిష్ఠగా చెప్పాలనుకున్నాడు. "నిగ్రహం అంటే" అని ఎత్తుకున్నాడు. మొదటి మాట బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడో మాటకు సభలో ఎక్కడో కరకరమని చప్పుడైంది.

కంబళయ్యకు చిరాకేసింది. "ఎవరది? ఒక పెద్ద విషయం మాట్లాడుతుంటే తినడమేమిటి? సభామర్యాద లేదా?"

మళ్ళీ కరకర. కోతి పిల్లలు నోళ్ళు మూసుకుని కిందా మీదా పడుతున్నాయి. పెద్దపులమ్మ అతని మూతి వంకే చూస్తోంది.

"తింటున్నవాళ్ళు లేచి నిలబడాలి!" అని గర్జించాడు కంబళయ్య. నోట్లోంచి చిప్సు పలుకులు ఎగిరి ముందు వరసలో గురవయ్య ముక్కుమీద పడ్డాయి.

అప్పుడు తెలిసింది, లేచి నిలబడ్డది తానొక్కడేనని.

అలాంటి సమయంలో భూమి చీలితే బాగుండునని అందరూ అంటారు గాని, అది చీలదు. కంబళయ్య చెయ్యి వంక చూసుకున్నాడు. అది మళ్ళీ గోతంలోనే ఉంది. దాన్ని బయటికి లాక్కుని నోరు తెరిచాడు.

"అమ్మగారూ, నలభై ఆకులు వృథా. మూడు రోజులు నేను మంచివాణ్ణి కాదు. పండ్లు దగ్గరగా ఉన్నాయి, అంతే. ఈ పూట చెడ్డవాణ్ణీ కాదు. గోతం దగ్గరగా ఉంది. నాలాంటి ముసలివాడికే ఇలా ఉంటే, అంగుళం పిల్లలకు నేను నిగ్రహం బోధించానా!"

పెద్దపులమ్మ ఒక్క మాటలో తేల్చేసింది. "గోతం కొండమీద ఏడో మలుపుకు పోతుంది. చెలమ గట్టున పండ్లుంటాయి. రోజుకొక కోతి ఇంటివాళ్ళు వంతుగా దులిపి తేవాలి."

గురవయ్య ఎగిరి ముందుకు దూకాడు. "అన్యాయం అమ్మగారూ! పిల్లలకు ఇష్టమైంది తినే హక్కు లేదా?"

"ఎవరు కాదన్నారు? కావలసినవాళ్ళు వాళ్ళే వస్తారని నువ్వే అన్నావట. వస్తారు. కొండెక్కి."

సభంతా నవ్వింది. గురవయ్య గోతం ఈడ్చుకుంటూ పోయాడు. నివేదిక అప్పటికే చెదలు పట్టింది. దాన్ని మొదటి ఆకునుంచి చివరి ఆకుదాకా వదలకుండా చూసినవాళ్ళు ఆ చెదపురుగులే.

తర్వాత జరిగింది చాలావరకు కొండ చేసిన పనే. పదిమంది పిల్లల్లో ఎనిమిది మంది అంత ఎత్తు ఎవరెక్కుతారని గట్టున పండ్లు తిన్నారు. మిగతా ఇద్దరు మొండివాళ్ళు, ఒక బిస్కట్టు కోసం రాళ్ళమీదుగా ఎక్కి దిగేవాళ్ళు. మిణుగు ఆ ఇద్దరిలో ఒకతి. గరికమ్మ తిట్టింది, బతిమాలింది, చివరికి ఊరుకుంది. నెల తిరిగేసరికి ఆ ఇద్దరి కాళ్ళూ గట్టి తాళ్ళలా తేలాయి.

గురవయ్యకు కొండమీద పొద్దుపోలేదు. పలకరించేవాళ్ళు లేరు. పక్కన గోతం ఉంది. ఒక పొట్లం విప్పాడు. ఇంకొకటి విప్పాడు.

తొలకరి పడ్డ సాయంత్రం మిణుగు గడ్డిమైదానంలో ఒంటరిగా వస్తుంటే, గోతం వదల్లేక వెంట తెచ్చుకుని కొండ దిగిన గురవయ్య పొదలోంచి మీదికి దూకాడు. అతను దూకిన చోటికి అతని పొట్ట కాసేపాగి వచ్చింది. మిణుగు అప్పటికే చీమలపుట్ట దాటి, వాగు దాటి, తల్లి ఒళ్ళో పడింది. గురవయ్య బురదలో చతికిలబడి డొక్క పట్టుకుని రొప్పుతున్నాడు.

దారిన పోతున్న కంబళయ్య ఆగాడు. నోరు తెరిచాడు. నిగ్రహం మీద ఒక మంచి మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, గురవయ్య పక్కనున్న గోతం మూతి బిగించి కట్టాడు. తన చేతికి కూడా అందకుండా వాగులోకి విసిరి, ఇంటిదారి పట్టాడు.

పిల్లలకు నీతులు చెప్పేవాడు ముందు వాళ్ళ పక్కనున్న గోతాన్ని జరపాలి, ఆ తర్వాత తన పక్కనున్నదాన్ని.