కాటుకమ్మ పెరట్లో గుంట

రండి, దగ్గరికి జరగండి. గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా ముందుకు రండి, ఇవాళ నా గొంతు అంత దూరం రాదు. కూర్చున్నారా? పలకలు పక్కన పెట్టండి. ఇది రాసుకునే పాఠం కాదు, వినే కథ.

గుట్ట కింద జంతువుల పేట ఒకటి ఉండేది. ఎవరి ఇల్లు వాళ్ళది, ఎవరి పెరడు వాళ్ళది. అక్కడ కాటుకమ్మ అనే గేదె ఉండేది. చూడితో ఉంది, ఎండాకాలంలో ఈనాలి.

ఆ ఏడు పక్క వీధి గుర్రం తన పెరడు కొత్తగా దిద్దించుకుంది. నున్నటి గులకరాళ్ళ బాట, అటూ ఇటూ బంతిపూలు. పేటంతా వెళ్ళి నోరు తెరుచుకుని చూసొచ్చింది. కాటుకమ్మకి కన్ను కుట్టింది. ఆ పెరడు దిద్దిన మేస్త్రికే, ఒళ్ళంతా ముళ్ళున్న ఏదుపందికే, కబురు పెట్టింది.

ఏదు మేస్త్రి పద్ధతి వేరు. వచ్చిన రోజు గడ్డిపరక కూడా పీకడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెరట్లో ఒక మూల కూర్చుని, నీడ ఎటు జరుగుతోంది, నీళ్ళు ఎటు పారుతున్నాయి అని చూస్తాడు. ఆ తర్వాత ప్రశ్నలు. అన్నీ తేలాకే ఒంటి మీది ముల్లు ఒకటి పీకి నేల మీద గీత గీస్తాడు.

"అమ్మా, పొద్దున్నే ఎటు తిరుగుతావు?"

"వేపచెట్టు దాకా."

"నెమరు వేసేదెక్కడ?"

"ఆ చెట్టు కిందే."

"మరి మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి మీదున్నప్పుడు?"

కాటుకమ్మ నోట్లో మేత ఆగిపోయింది.

పెరటి మూల ఒక బురదగుంట ఉంది. మధ్యాహ్నం అందులో మెడ దాకా దిగకపోతే ఆమెకి ప్రాణం నిలవదు. గేదె ఒళ్ళు ఎండకి ఓర్చదు కదా! ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? ఏమీ లేదు. కానీ గుర్రం పెరట్లో బురద లేదు. అదీ బాధ.

"మధ్యాహ్నమా... అలా పచ్చిక మీద కూర్చుంటాను మేస్త్రీ."

"మరి ఈ గుంట? ఎవరో రోజూ పొర్లిన గుర్తులున్నాయే. గుర్తులు పెద్దవే!"

"అదా! పక్కింటి బొద్దయ్య వచ్చి పొర్లిపోతాడు. పంది బుద్ధి ఎక్కడికి పోతుంది? చెప్తే వినడు."

మేస్త్రి గుంటనీ గేదెనీ మార్చి మార్చి చూశాడు. "వైద్యుడి దగ్గర రోగం, మేస్త్రి దగ్గర అలవాటు దాచకూడదమ్మా. ఇంకోసారి అడుగుతున్నాను. ఈ గుంట నీకు అక్కర్లేదా?"

"రామ రామ! పూడ్చెయ్యి."

గోడ మీదున్న కాకి నోట్లో నువ్వుగింజ నానదు. పొద్దు వాలేలోగా పేటంతా చెప్పింది, బొద్దయ్యనీ వదల్లేదు. "ఏం బొద్దయ్య బావా! సొంత గుంట చాలక వదినగారి గుంట మీద కూడా పడ్డావటగా!"

మేస్త్రి కూడా బొద్దయ్య ఇంటికెళ్ళి, "కంచె కడుతున్నాను నాయనా, ఇకమీదట అటు రావద్దు" అన్నాడు.

బొద్దయ్య ఏనాడూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాడు. అవతల చెవులు వాల్చేసి నేలకేసి చూస్తున్న కాటుకమ్మ కనిపించింది. ఆమె నిండు కడుపూ కనిపించింది.

"సరే మేస్త్రీ, రాను" అన్నాడు. అంతే.

కాటుకమ్మ విన్నది. నిజం చెప్పాల్సింది అప్పుడే. రేపు చెబుదాంలే అనుకుంది. రేపటికి రూపు లేదు.

గుంట పూడింది. మట్టి గట్టిపడేలా దాని మీద దిమ్మిస కొట్టి గులకరాళ్ళు పరిచారు. చుట్టూ కనకాంబరాలు నాటారు. పేటంతా వచ్చి చూసి, "ఎంత శుభ్రంగా ఉంది! పంది పీడ వదిలింది" అని మెచ్చుకుంది. వింటుంటే కాటుకమ్మకి ఆ పూట గడ్డి సయించలేదు.

వైశాఖం వచ్చింది. వాగు ఎండింది. గులకరాళ్ళు పెనంలా కాలాయి. కాటుకమ్మ నాలుక బయటపెట్టి రొప్పింది. తోలు పగిలింది, జోరీగలు ముసిరాయి. ఎండలు ముదిరిన మూడోనాటికి కడుపులో దూడ కదలడం మానేసింది. పూడ్చిన చోట కొమ్ముతో పొడిచింది. దిమ్మిస కొట్టిన నేల, దిగితేగా!

నడి మధ్యాహ్నం, అందరూ చూస్తుండగా కంచె తోసుకుని బొద్దయ్య గుమ్మంలో నిలబడింది.

"ఏం వదినా, దారి తప్పావా? ఇది పందిగారి కొంప!" అంది కాకి.

బొద్దయ్య తన గుంటలోంచి లేచి పక్కకి జరిగాడు. "దిగు వదినా, ముందు దిగు. నేను చెట్టు కింద ఉంటాలే."

రెండు తిట్లు తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

మెడ దాకా దిగింది. చాలాసేపటికి కడుపులో దూడ ఒక్క తన్ను తన్నింది. కాటుకమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"మరిదీ, ఆ గుంట..."

"నాకు తెలుసులే వదినా."

"నీకు తెలిస్తే సరిపోదయ్యా." బురదలోనే లేచి నిలబడి, పేటంతా వినేలా అరిచింది. "ఆ గుంట నాది! రోజూ పొర్లింది నేను! బొద్దయ్య నా పెరట్లో ఏనాడూ కాలు పెట్టలేదు. అబద్ధమాడింది నేను!"

కాకి రెక్కలు విదిల్చి ఎగిరిపోయింది. పంది పీడ అన్నవాళ్ళందరూ తలో దిక్కు చూశారు.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. "మళ్ళీ మొదటినుంచి అడుగు మేస్త్రీ" అంది కాటుకమ్మ, తలెత్తకుండా.

"నాదీ తప్పుందమ్మా. నేల ఒకటి చెబుతుంటే, నీ మాట పట్టుకుని పని చేశాను" అన్నాడు మేస్త్రి. రాళ్ళు పెకలించి గుంట మళ్ళీ తవ్వాడు. నెల తిరక్కుండానే దూడ పుట్టింది, బాగానే ఉంది.

బొద్దయ్య ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. అయినా అతను "బాగున్నావా వదినా" అన్నప్పుడల్లా కాటుకమ్మ కళ్ళు నేల మీదికే పోయేవి.

అందుకే పిల్లలూ, మన అలవాటు మనం ఒప్పుకోకపోతే దాని మచ్చ ఏ పాపం ఎరగని పక్కవాడికి అంటుకుంటుంది.

ఇక లేవండి. ఇళ్ళల్లో అన్నం వార్చే వేళయింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని కడుపునిండా తినండి, పోండి.