ముత్తెయ్య ముల్లు కేసు

అనగనగా, ఎన్నికలు దగ్గరపడ్డ ఒక అడవిలో ముత్తెయ్య అనే ఏదుపంది ఉండేవాడు. వాగు దగ్గర సరిహద్దు కాపలా సిపాయి. ఏదుపంది ముళ్ళను బాణాల్లా విసురుతుందని చాలామంది అనుకుంటారు. అదంతా ఉత్తదే, పిల్లలూ. బెదిరితే వెనక్కి నడిచి గుచ్చుతుంది, అంతే. పైగా అది రాత్రిళ్ళు తిరిగే జీవి. దానికి పగటి కాపలా వేస్తే కునుకు రాదా మరి? సరే, కథలోకి వద్దాం.

ఒక మధ్యాహ్నం కునికిపాట్లు పడుతున్న ముత్తెయ్య ఎండుటాకుల చప్పుడుకు ఉలిక్కిపడి, గబగబా వెనక్కి నడిచాడు. వెనకే, వాగు దాటి వచ్చిన అవతలి ఒడ్డు కుందేలు గరిక మేస్తోంది. దాని తొడలో ముల్లు దిగింది.

కేసయింది. కావాలనే పొడిచాడని తేలితే ముత్తెయ్యను అడవి నుంచి వెళ్ళగొడతారు.

మొదటిరోజు కొండముచ్చు నాయకుడు మోదుగుపూల దండ తెచ్చి ముత్తెయ్య మెడలో వేశాడు.

"శత్రువును పొడిచిన వీరుడివి! ఆ కుందేలు గూఢచారి!"

"పొడవలేదన్నా, పొరపాటున..."

"ఆ మాట ఎక్కడా అనకు. నా ఓట్లు పోతాయి."

రెండోరోజు గోరింక నాయకురాలు ఊరేగింపు తీసింది.

"హంతకుణ్ణి తరమండి! అమరుడు కుందేలుకు జోహార్లు!"

కుంటుకుంటూ కుందేలే ఎదురొచ్చింది. "అమ్మా, నేను బతికే ఉన్నాను."

"కాస్త పక్కకు తప్పుకో నాయనా, ఊరేగింపు చెడుతుంది."

మూడోరోజు విచారణ. "ఏం జరిగింది?" అని అడిగింది న్యాయాధికారి ఏనుగు. అందరూ అడిగినట్టే ఉంటుంది గానీ, ఈ ప్రశ్న ముత్తెయ్యను అడగడం అదే మొదలు.

ముత్తెయ్య దండ తడుముకున్నాడు. వీరుడనిపించుకోవడం బాగానే ఉంది. జనం ఈలలు వేస్తున్నారు. అబద్ధం గొంతుదాకా వచ్చింది. కుంటి కాలు చాపుకుని కూర్చున్న కుందేలును చూశాడు.

"కునుకు తీశానండి. బెదిరి, చూడకుండా వెనక్కి నడిచాను. కావాలని గుచ్చలేదు. తప్పు మాత్రం నాదే."

"అవునండీ," అంది కుందేలు. "ముల్లు పీకి పసరు పూసింది కూడా ఇతనే."

ఈలలు ఆగిపోయాయి.

"కునికాడా? ఛీ! ఆ దండ ఇటు తే," అని లాక్కున్నాడు కొండముచ్చు నాయకుడు.

"పొరపాటా? దీనికా మూడు రోజులు గొంతు చించుకున్నాం!" అంది గోరింక.

అంతలో కాకి అరిచింది. "చెరువు గట్టున కప్ప మీద కొంగ కేసు పెట్టిందట!"

"నేను కొంగ వైపు!" అన్నాడు కొండముచ్చు నాయకుడు.

"అయితే నేను కప్ప వైపు!" అంది గోరింక.

జనమంతా అటు పరుగెత్తారు. మిగిలింది ఏనుగు, ముత్తెయ్య, కుందేలు.

ఏనుగు గొంతు సవరించుకుని, నిండు సభలో చదివినట్టే చదివింది. "కావాలని చేసింది కాదు. వెళ్ళగొట్టేది లేదు. కాపలాలో కునికినందుకు, కుందేలు కాలు నయమయ్యేదాకా రోజూ మేత మోయాలి."

"మోస్తానండి," అన్నాడు ముత్తెయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

"లేత గరికే తేవాలి," అంది కుందేలు. "ముదురుది నేను ముట్టను."

నీతి: నిజం కావలసినవాళ్ళు తీర్పు దాకా కూర్చుంటారు, గోల కావలసినవాళ్ళు నిజం బయటపడగానే లేచిపోతారు.