పంటు మీద తొక్కిన సైకిలు

"ఒకరు చెయ్యేస్తే జరిగిన పనిని నాదని ఎలా చెప్పుకోను గురువుగారూ?" అని అడిగింది హైమవతి.

అడిగింది ఆశ్రమంలో. ఆశ్రమం అనగానే గోపురాలూ గంటలూ ఊహించుకోకండి. పలాస దాటాక జీడితోటల మధ్య రెండు గదుల పెంకుటిల్లు, ముందొక పందిరి, పందిరి కింద వరసగా సైకిళ్ళు. ఆ ఇంట్లో ఉండేది జోగినాథంగారు. ఆయనకి ప్రశ్నలంటే భయం లేదు గానీ జవాబులంటే మహా బద్ధకం. ఎవరేమడిగినా గడ్డం గోక్కుని, "సైకిల్లో గాలి ఉందా?" అనేవారు. ఏటా కార్తీకం వెళ్ళాక శిష్యుల్ని వెంటేసుకుని ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, సముద్రం ఒడ్డు విడవకుండా సైకిలు మీద వెళ్ళిరావడం ఆయన అలవాటు. దారిలో నది అడ్డొస్తే అందరూ వంతెన ఎక్కడుందని అడుగుతారు కదా, ఆయన మాత్రం పడవ ఎక్కడుందని అడిగేవారు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళకి దొరికిన జవాబు గాలి సంగతే.

హైమవతి ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆవిడ విజయనగరంలో కుట్టుపని నేర్పుతుంది. భర్త పోయేనాటికి ఇంకా చిన్నపిల్లే. అప్పుడు బావగారు దుకాణం పెట్టించాడు, అన్నయ్య కుట్టుమిషన్లు తెచ్చిచ్చాడు, ఆడపడుచు ఏడాది పాటు ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టింది. అందరూ మంచివాళ్ళే, కాదనడానికి లేదు. కానీ పెళ్ళి గానీ పేరంటం గానీ జరిగిందంటే చాలు, ఎవరో ఒకరు విస్తరి ముందు కూర్చుని, "ఆ రోజు మేం లేకపోతే దీని గతేమయ్యేదో!" అనేవారు. నవ్వుతూనే అనేవారు. హైమవతీ నవ్వేది. ఇంటికొచ్చి మిషను మీద తల వాల్చి ఏడ్చేది. ఎంతోమంది ఆడపిల్లలకి పని నేర్పి వాళ్ళ కాళ్ళ మీద వాళ్ళని నిలబెట్టింది గానీ, ఆ దుకాణం తనదని మాత్రం ఆవిడకి ఏనాడూ అనిపించలేదు. జన్మలో ఒక్కటంటే ఒక్క పని, ముక్కలో ముక్క కూడా ఇంకొకరికి చెందకుండా, నాదీ అని చెప్పుకోవాలని ఆవిడ తాపత్రయం.

ఆవిడ ప్రశ్నకీ గురువుగారు, "సైకిల్లో గాలి ఉందా?" అనే అన్నారు. హైమవతికి అదే జవాబులా తోచింది. అక్కడే దీపం ముందు నిలబడి మొక్కుకుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తన కాళ్ళతోనే తొక్కుకుంటూ వెళ్ళాలి, మధ్యలో ఎవరూ ఎక్కించకూడదు, ఎవరూ దాటించకూడదు. అలా వెళ్తే ఇక ఎవరేమన్నా పట్టించుకోనంది. గురువుగారు విని, "మంచిది" అన్నారు. ఆ "మంచిది" ఏ అర్థంతో అన్నారో మనం చెప్పలేం.

యాత్ర మొదలైంది. వంశధార దగ్గర గురువుగారు పడవ ఎక్కారు, హైమవతి చుట్టూ తిరిగి వంతెన మీంచి వచ్చింది. నాగావళి దగ్గరా అంతే. కాకినాడ దగ్గర అఖాతంలో అందరూ చేపల పడవ మీద సైకిళ్ళు పేర్చుకుని హాయిగా పాటలు పాడుకుంటూ వెళ్తుంటే, ఆవిడ ఒక్కతే లారీల పొగ మింగుతూ తారురోడ్డు పట్టింది. అవతల ఒడ్డున మిగతావాళ్ళు వంట చేసి, ఆవిడ కోసం గిన్నె మీద మూత పెట్టి కూర్చునేవాళ్ళు. ఆ మూత చూసినా ఆవిడకి ఒళ్ళు మండేది. "నాకోసం ఎవరు ఆగమన్నారు?" అనేది. పైడిరాజని ఒక శిష్యుడున్నాడు, వంటగిన్నెలన్నీ అతని సైకిలు మీదే. మనిషి లావు, మాట తేలిక. "నీకోసం కాదక్కా, ఆకలి కోసం ఆగినాం. అన్నం ఇంకా ఉడకలేదు" అనేవాడు. అన్నం ఎప్పుడో ఉడికిపోయి ఉండేది.

గోదావరి పాయలు ఒక్కొక్కటీ దాటి, వశిష్ఠ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మోకాలు వాచింది. వంతెన చూద్దామా అంటే బాగా ఎగువన ఉంది, పైగా ఎదురుగాలి. నది సముద్రంలో కలిసే చోటికి కాస్త పైన రేవుంది. రెండు పడవల్ని కలిపి, మీద బల్లలు పరిచి, ఇంజిను బిగించిన పంటు అక్కడ మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ కొబ్బరికాయల బస్తాలనీ అటూ ఇటూ చేరవేస్తుంటుంది. హైమవతి చాలాసేపు రేవులో నిలబడి ఆ పంటుని చూసింది. చివరికి సైకిలు నడిపించుకుంటూ ఎక్కి, తిన్నగా ముందుకొసకి వెళ్ళి స్టాండు వేసింది. వెనకచక్రం గాల్లోకి లేచింది. ఆవిడ చీరకుచ్చిళ్ళు సర్దుకుని సీటెక్కి కూర్చుని, తొక్కడం మొదలుపెట్టింది!

పంటు మీదున్నవాళ్ళందరూ ముక్కున వేలేసుకున్నారు. పంటు కదిలింది, ఆవిడ తొక్కుతూనే ఉంది. నది దాటినంతసేపూ తొక్కితే తొక్కుకుంటూ దాటినట్టే కదా, ఇదీ ఆవిడ లెక్క. బరువు లేదు కనుక మోకాలికీ నొప్పి లేదు. పంటు నడిపే సరంగు ఏసుబాబు ఇంజిను దగ్గర్నుంచి తొంగిచూసి, "అమ్మగారండీ, కాస్త గట్టిగా తొక్కండి, నాకు డీజిలు కలిసొస్తుంది!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. చేపల తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న మరిడమ్మ అనే ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఏమ్మా, మొక్కా?" అని అడిగింది. హైమవతి తలూపింది. "అయితే కానీ తల్లీ" అంది మరిడమ్మ, అదేదో రోజూ చూసే సంగతే అన్నట్టు. గురువుగారు కొబ్బరి బస్తాకి జారబడి నీళ్ళు చూస్తున్నారు.

నది నడిమి దాటింది. అవతలి ఒడ్డున సైకిలు షాపు, టీ కొట్టు, ఎర్ర బస్సు, అన్నీ కనిపిస్తున్నాయి. హైమవతికి గుండె నిండిపోయింది. ఇంత పెద్ద నది కూడా తన మొక్కుకి అడ్డం కాలేదన్న ఆనందంతో కళ్ళు మూసుకుని తొక్కుతోంది. సరిగ్గా అప్పుడు పంటు ముందుకొస కింద ఏదో గరగరలాడి, మొత్తం పంటు ఒక్క కుదుపు కుదిపి నిలబడిపోయింది. సముద్రం నీళ్ళు వెనక్కి లాగే వేళ అది. నీళ్ళ కింద ఇసుక మేట వేసింది. ముందుకొస దాని మీదికెక్కి కూర్చుంది.

ఏసుబాబు ఇంజిను వెనక్కి తిప్పాడు. పొగ వచ్చింది గానీ పంటు రాలేదు. ఇద్దరు ముగ్గురు గెడలు తీసుకుని ఇసుకలో పొడిచి నెట్టారు. గురువుగారూ పంచె ఎగ్గట్టి ఒక గెడ అందుకున్నారు. "అందరూ వెనక్కి రండి బాబూ! ముందుకొస తేలికైతే గానీ లేవదు" అని కేకేశాడు ఏసుబాబు. బస్తాలు జరిపారు, మోటారు సైకిళ్ళు లాగారు, మనుషులందరూ వెనక్కి పోయి ఒకరి మీదొకరు పడేట్టు నిలబడ్డారు. ముందుకొసన హైమవతి ఒక్కతే మిగిలింది, సైకిలు మీద, తొక్కుతూ.

"అమ్మగారండీ, మీరూ రావాలండి."

"నేను దిగనండి. ఇంతమంది జరిగారు కదా, నేనొక్కదాన్ని ఉంటే ఏమవుతుంది?"

వాళ్ళు మళ్ళీ నెట్టారు. పంటు కిర్రుమంది, కాస్త ఊగింది, మళ్ళీ అక్కడే కూలబడింది. నీళ్ళు దిగిపోతున్నాయి. ఇప్పుడు తేలకపోతే మళ్ళీ పోటు వచ్చేదాకా అందరూ ఆ ఎండలో కూర్చోవలసిందే. ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళెవరో గొణిగారు, ఇంకెవరో గట్టిగానే తిట్టారు. పైడిరాజుకి కూడా నవ్వులాట పోయింది. "అక్కా, నీకు దండం పెడతాను, రా అక్కా" అన్నాడు. మరిడమ్మ తట్ట మీద తడిగుడ్డ సర్దుతూ, "నా చేపలు పాడైపోతాయమ్మా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట హైమవతికి ఎక్కువ తగిలింది.

ఆవిడ గురువుగారి వైపు చూసింది. దిగమంటే దిగేది, వద్దంటే దిగేది కాదు. ఆయన చెమటలు కక్కుతూ గెడ మీద వాలి ఉన్నారు, ఇటు తిరగనైనా లేదు. హైమవతి కాళ్ళు ఆగిపోయాయి. గాల్లో చక్రం తనంతట తాను ఇంకాసేపు తిరిగి ఆగింది. దిగి, సైకిలు స్టాండు తీసి, నడిపించుకుంటూ వెనక్కి వచ్చి, సైకిలు పైడిరాజు చేతిలో పెట్టి, ఖాళీగా ఉన్న గెడ ఒకటి తీసుకుని తనూ ఇసుకలో పొడిచింది. ఏసుబాబు ఒకటీ రెండూ మూడూ అన్నాడు. పంటు ముందుకొస నీళ్ళలోకి జారి తేలింది. అందరూ ఒక్కసారి "ఓహో!" అని అరిచారు. ఎవరో ఆవిడ వీపు తట్టారు కూడా. ఆవిడ గెడ కింద పెట్టి, బస్తాల చాటున కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంత దూరం తొక్కింది, ఇన్ని వంతెనలు చుట్టి తిరిగింది, అంతా ఈ గోదాట్లో కలిసిపోయింది అనుకుంది. మళ్ళీ విజయనగరం, మళ్ళీ విస్తరి ముందు అదే నవ్వు.

ఒడ్డు చేరారు. హైమవతి కళ్ళు తుడుచుకుని గురువుగారి దగ్గరికి వచ్చి, "నా మొక్కు పోయింది గురువుగారూ. నేను నరసాపురం వెళ్ళి రైలెక్కుతాను" అంది. ఆయన ముందుచక్రం నొక్కి చూసుకుంటున్నారు. "సరేనమ్మా" అన్నారు. ఆపుతారేమో అనుకున్న ఆవిడకి తల కొట్టేసినట్టయింది. సంచి విప్పి భుజాన వేసుకుని సైకిలుతో ఎర్ర బస్సు దగ్గరికి నడిచింది. "సైకిలు పైన వెయ్యాలాండి? ఉండండి, తాడు తెస్తాను" అని కండక్టరు లోపలికి వెళ్ళాడు.

"అమ్మాయ్, కాస్త చెయ్యెయ్యవా!"

వెనక్కి తిరిగితే మరిడమ్మ. తట్ట నేల మీదుంది. తలమీద గుడ్డచుట్ట సర్దుకుని, ఆ పక్కా ఈ పక్కా చూసి, దగ్గర్లో కనిపించిన మనిషిని పిలిచింది, అంతే. మొక్కు పోయిన మనిషా, ఉన్న మనిషా అని చూసుకోలేదు. హైమవతి సైకిలు బస్సుకి ఆనించి వచ్చి, ఒక పక్క పట్టుకుంది. అబ్బ, ఏం బరువు! ఇద్దరూ ఉమ్మడిగా లేపితే గానీ తట్ట తలకెక్కలేదు. మరిడమ్మ మెడ నిలదొక్కుకుని, రెండు చేతులూ వదిలేసి నిలబడింది.

"ఇంత బరువు పెట్టుకుని ఎక్కడిదాకా వెళ్తావమ్మా?" అంది హైమవతి.

"అవతల ఊళ్ళన్నీ తిరుగుతాను. ఇంటింటికీ దింపాలి, ఎత్తాలి."

"మరి ఎవరు ఎత్తుతారు?"

"చేప కొన్నవాళ్ళు ఎత్తుతారు. వాళ్ళు లేకపోతే దారిన పోయేవాళ్ళు. ఎవరో ఒకరుంటారు కదా."

"నీకు తోడెవరూ రారా?"

మరిడమ్మకి ఆ ప్రశ్న వింతగా తోచింది. "తోడెందుకమ్మా? మా ఆయన పోయినకాడ్నించీ ఈ తట్ట మోసేది నేనొక్కదాన్నే. పిల్లలిద్దర్నీ నేనొక్కదాన్నే పెంచాను" అంది. అంటుంటే ఆవిడ మొహంలో ఎంత దర్జా ఉందో! మెడ ఇటూ అటూ తిప్పడానికి లేదు కనుక కళ్ళతోనే వెళ్ళొస్తానని చెప్పి, చేతులూపుకుంటూ గట్టు మీది బాట పట్టింది. చూస్తుండగానే కొబ్బరిచెట్ల మధ్య ఆవిడ కేక వినిపించింది, చేపలమ్మా చేపలూ అని.

హైమవతి అక్కడే నిలబడిపోయింది. చేతికి చేపల నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. బావగారూ అన్నయ్యా ఆడపడుచూ, గిన్నె మీద మూత పెట్టి కూర్చున్న పైడిరాజూ, అందరూ ఒక్కసారి ఆవిడ కళ్ళముందు కదిలారు. ఈసారి వాళ్ళ మీద కోపం రాలేదు. తను ఇన్నేళ్ళూ తొక్కిన మిషను, ఆ దుకాణంలో పొద్దున్నే తాళం తీసే తన చెయ్యి, దారం తెగితే నోటితో తడిపి ఎక్కించుకునే తన పనీ గుర్తొచ్చాయి. కండక్టరు తాడు పట్టుకొచ్చి, "ఎత్తమంటారా అమ్మా?" అని అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "వద్దు బాబూ, నేను తొక్కుకుంటూ వెళ్తాను" అని, సంచి తీసి మళ్ళీ సైకిలుకి కట్టుకుంది. మోకాలు బాధపెట్టడంతో కాలు పెడలు మీదికి సరిగా రాలేదు. పైడిరాజు వచ్చి సీటు వెనక పట్టుకున్నాడు. వదిలెయ్యమని ఆవిడ అనలేదు.

గురువుగారు అప్పటికే బస్సుకి కాస్త అవతల సైకిలెక్కి సిద్ధంగా ఉన్నారు. ఆవిడ పక్కకి వచ్చేదాకా ఆగి, కొబ్బరిచెట్ల వైపు గడ్డం ఎత్తి చూపించారు.

"నేనొక్కదాన్నే అంది, విన్నావా హైమా?"