సీమ ఉప్పువాగు దాకేనా

నేను ఇంతవరకు ఏమీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేసినా. సరుకుల చీటీ తప్ప నా చేతిరాత ఎవరూ చూసింది లేదు. మద్దిలేటి అయ్యోరి దగ్గర నేర్చుకున్నవాళ్ళు తలా ఒకటి, ఆయన గురించి తెలిసింది రాసియ్యాలని మా గుంపులో అనుకున్నారు. నేను నోటితో చెప్పలేనని వాళ్ళకు తెలుసు, అందుకే కాగితం చేతికిచ్చినారు. తప్పులుంటే దిద్దుకొని చదువుకోండి.

అయ్యోరు చెక్కభజన గురువు. ఆయన ఊరు మా పడమటి కొండల కనుమకు అవతల. ఏ ఊరివాళ్ళు పిలిస్తే ఆ ఊర్లో రెండు మూడు నెలలుండి, వంతు ప్రకారం ఇంటికొక పూట తింటా, చెక్కలు పట్టేది, అడుగులు వేసేది నేర్పుతాడు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "అడుగేసి చూడు" అంటాడు. తప్పడుగు వేసినా ఆపడు. అది ఎంతదూరం పోతుందో అంతదూరం పోనిస్తాడు.

ఆ యేడు మా జువ్వలపల్లెలో ఆయన ఆడవాళ్ళ జట్టు కట్టినాడు. పద్నాలుగు మందిమి. పెండ్లయిన ఇరవై ఏడేండ్లలో నేను నలుగురి ముందర నిలబడింది ఆ మూడు నెలలే. శ్రీరామనవమికి కనుమ అవతల పట్నంలో పోటీ ఉందంటే, పోయి ఆడొస్తామని అందరం ఆశపడినాం. కరపత్రంలో మాత్రం "సీమ జట్లకు మాత్రమే" అని ఉంది. మా పేరు పంపితే వెనక్కి వచ్చింది. మీది సీమో కాదో మాకు తెలియదు, మీ గురువు రాసి సంతకం పెడితే తీసుకుంటాం అన్నారు. అంతకుముందు యేడు మా మగవాళ్ళు సముద్రం పక్క పోటీకి పోతే, మీరు సీమోళ్ళు గదా అని అక్కడ తిప్పి పంపినారు. మాది అట్లాంటి చోటు. మా అవ్వ కాలంలో ఒక జిల్లా, మా అమ్మ కాలంలో ఇంకో జిల్లా.

నవమి ఇంక రెండు దినాలుందనగా అయ్యోరికి అన్నం పెట్టే వంతు మాది. ఆయన మా అరుగు మీద కూర్చొని తింటా ఉంటే చుట్టూ మగవాళ్ళు చేరినారు. సీమ ఎక్కడ అయిపోతుంది, కోస్తా ఎక్కడ మొదలవుతుంది అని వాదన.

"రైలు బోగదా దాటితే కోస్తానే, అందులో మాటే లేదు" అన్నాడొకాయన.

టీకొట్టు ఖాసీం ఒప్పుకోలేదు. "బోగదాదేముంది. సంగటి తినేకాడ సీమ, అన్నం తినేకాడ కోస్తా."

"అట్లయితే నీ ఇంట్లో పగలు సీమ, రాత్రి కోస్తా" అన్నాడు కేశవులు. అందరూ నవ్వినారు.

కేశవులు నా మరిది. అయ్యోరి శిష్యుల్లో మొదటివాడు, మా జట్టుకు తాళం చెప్పేవాడు. నవ్వులు తగ్గినాక ఆయన అయ్యోరి ముందర గొంతుక్కూర్చున్నాడు.

"అయ్యోరూ, మీరు చెప్పండి. సీమ యాడ ఆగుతుంది?"

అయ్యోరు సంగటి ముద్దలో గుంట చేసి పప్పు పోయించుకుంటా ఉన్నాడు. "నీకు యాడ ఆగితే బాగుంటుంది?" అన్నాడు.

"ఉప్పువాగు కాడ."

ఉప్పువాగు మా ఊరికి తూర్పున, కేకేస్తే వినపడేంత దూరం. అవతలి గట్టున మిట్టపాలెం. నా పుట్టినూరు అదే. అయ్యోరు పోయిన యేడు అక్కడ కూడా ఆడవాళ్ళకు నేర్పినాడు. వాళ్ళు మాకంటే ఒక యేడు ముందున్నారు, మాకంటే బాగా ఆడతారు. వాళ్ళు కూడా ఈ పోటీకే ఆయన సంతకం కోసం చూస్తా ఉన్నారని కేశవులుకు తెలుసు. వాగు కాడ సీమ ఆగిందంటే మేము పోతాం, వాళ్ళు పోరు. మూడు నెలల నుంచి అటు పోవద్దని, మన అడుగులు వాళ్ళకు తెలుస్తాయని మాకు కట్టుదిట్టం చేసినాడు కూడా. నేను అమ్మను చూసి మూడు నెలలైంది.

"ఆ గట్టున పుట్టిన మనిషి ఈ గట్టుకు వచ్చి ఉంటే?" అయ్యోరు అడిగినాడు.

"వచ్చి ఉంటే అయిపోతుందా? సీమ అనేది పుట్టుకతో రావల్ల అయ్యోరూ. నడిమధ్యలో వచ్చేది కాదు."

నేను పప్పుగిన్నె పట్టుకొని తలుపు చాటున ఉన్నా.

అయ్యోరు చెయ్యి కడుక్కున్నాడు. "రాసిస్తాలే. సాయంత్రం సాధన వాగులో పెట్టు. మిట్టపాలెం ఆడబిడ్డల్ని కూడా రమ్మను. గీత ఇదని వాళ్ళకూ తెలియాల గదా" అన్నాడు.

పొద్దు వాలేసరికి అందరం చేరినాం. ఎండాకాలం గదా, వాగులో చుక్క నీళ్ళు లేవు, ఒట్టి ఇసుక. ఈ గట్టున పద్నాలుగు మందిమి, ఆ గట్టున వాళ్ళు పద్నాలుగు మంది. అయ్యోరు ఇసుక నడుమ నిలబడినాడు. పక్కన కేశవులు, జేబులో తెల్లకాగితం, పెన్ను.

"ఆడబిడ్డలారా, మీ కేశవులు సీమకు హద్దు చూపించినాడు. ఈ వాగే" అన్నాడు అయ్యోరు. "పుట్టుకను బట్టి లెక్క అంట. ఈ పక్క పుట్టినవాళ్ళు ఈ గట్టున నిలబడండి. ఆ పక్క పుట్టినవాళ్ళు ఆ గట్టున."

అయ్యోరు చెప్పింది గదా అని నేనే ముందు దిగినా. ఇసుకలో నడిచి అవతలి గట్టెక్కినా. నా వెనక ఇంకొకరు, ఆ వెనక ఇద్దరు. తిరిగి చూస్తే మాలో తొమ్మిది మందిమి దాటినాం. ఆ తొమ్మిదిలో కేశవులు భార్య లచ్చుమమ్మ కూడా ఉంది.

మా రెండు ఊర్లవాళ్ళూ ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునేవాళ్ళు. కుండమార్పిడి పెండ్లిళ్ళు కూడా ఎక్కువే. నన్ను కేశవులు అన్నకిచ్చి, ఆయన అక్క రాములమ్మను మా అన్నకు చేసుకున్నారు. ఒకటే పందిరి, ఒకటే ముహూర్తం. మగవాళ్ళ జట్టు కట్టినప్పుడు ఈ చిక్కు రాలేదు. మగవాడు పుట్టిన ఊర్లోనే ఉంటాడు. ఆడవాళ్ళ జట్టుకు కూడా ఆ లెక్కే సరిపోతుందని కేశవులు అనుకున్నాడు.

అంతలో అవతలి నుంచి ఎనిమిది మంది దిగి ఇవతలికి వచ్చినారు. ముందర రాములమ్మ. తమ్ముడి పక్కన నిలబడి ఆయన ముఖంలోకి చూసింది.

"ఏమిరా, నన్ను కోస్తాకిచ్చినారని ఇరవై ఏడేండ్లు దాచిపెట్టినారే. ముందే చెప్పుంటే సముద్రమన్నా చూసొచ్చేదాన్ని గదా."

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. లచ్చుమమ్మ ఆ గట్టు మీది నుంచి నెమ్మదిగా అడిగింది.

"మరి మన పిల్లోళ్ళు ఎవురి లెక్క? పొద్దు పోతా ఉంది, ఎవురు అన్నం పెట్టాలో చెప్తే ఆ పని చూసుకుంటాం."

అయ్యోరు చెక్కలు చేతికి తీసుకొని ఒక్క దెబ్బ కొట్టినాడు. అది మొదలుపెట్టమని. మేము మొదలుపెట్టినాం. ఈ గట్టున పదముగ్గురు, ఆ గట్టున పదిహేను మంది. పక్కనున్నది ఎవరని చూసుకోలేదు. కుడికాలు ముందు, రెండు గజ్జె దెబ్బలు, తిరుగుడు. ఆయన ఏ ఊర్లోనైనా నేర్పేది అదే. కేశవులు ఇసుకలో నిలబడి తాళం చెప్పాలని నోరు తెరిచినాడు, ఈ గట్టు చూసినాడు, ఆ గట్టు చూసినాడు. ఈ పక్క ఆయన అక్క, ఆ పక్క ఆయన భార్య. ఆట అయిపోయిందాకా నోరు అట్లే ఉండిపోయింది.

చెక్కలు ఆగినాక కేశవులు చెయ్యెత్తినాడు.

"సరేలే, అయిపోయింది గదా. మన జట్టు ఇటు రాండి."

ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరం కదల్లేదు. అయ్యోరు ఆయన పక్కకు తిరిగి, చానా మెల్లగా అడిగినాడు.

"ఎటు, నాయనా?"

కేశవులు ఎత్తిన చెయ్యి దించినాడు. అయ్యోరు ఆయన జేబులోని కాగితం తీసుకొని, మోకాలి మీద పెట్టుకొని, పైనంతా ఖాళీ వదిలేసి అడుగున సంతకం చేసినాడు. మడిచి తిరిగి ఇచ్చినాడు.

"పైన ఏం రాసుకుంటావో నీ ఇష్టం. కింద మాత్రం నా పేరుంది."

అంతే. గట్టెక్కి పోయినాడు.

మరునాడు పొద్దున నేను వాకిలి ఊడ్చి, చెక్కలు కొంగులో చుట్టుకొని మిట్టపాలెం బయల్దేరినా. దోవ కేశవులు ఇంటి ముందర్నుంచే. ఆయన వాకిట్లో వేపపుల్ల నములుతా, ఆ కాగితం తొడ మీద పెట్టుకొని కూర్చున్నాడు. నన్ను చూసి లేచినాడు. ఎక్కడికని అడగలేదు.

"ఎందరని రాయమంటావు, వదినా?"

ఎదురుపడి ఆయనతో మాట్లాడేది నాకు అలవాటు లేదు. తల వంచుకొనే చెప్పినా.

"ఇరవై ఎనిమిది మందిమి. ఆటోలు చాలవు, పెద్ద బండి మాట్లాడు అబ్బయ్యా."