రంగు గుడ్డల రాజవీధి

పూర్వం కొండల నడుమ వెదురుకోట అనే రాజ్యం ఒకటి ఉండేదట. దాన్ని ఏలిన రణధీరవర్మ యుద్ధంలో ధీరుడే గాని, పరాయివాళ్ళు తనను చూసి ఏమనుకుంటారో అన్న బెంగ మాత్రం ఆయన్ని ఎప్పుడూ పీడించేది.

ఏళ్ళ తరబడి సాగిన సరిహద్దు తగాదా తీరి, పొరుగున ఉన్న హంసవరం రాజు సంధి చేసుకోవడానికి స్వయంగా వస్తానని కబురు పంపాడు. ఆ కబురు విన్నది మొదలు రణధీరవర్మకు ముద్ద మింగుడు పడలేదు. హంసవరంలో ఎటు చూసినా సున్నం కొట్టిన మేడలేనట. ఇక్కడేమో తూర్పు కోటగుమ్మం దాటగానే కుమ్మరివీధి. పూరిళ్ళు, మట్టి కుప్పలు, కుండలు కాల్చే చోట లేచే పొగ.

"ఊళ్ళో అడుగుపెట్టేవాడికి మొదట కనబడేది ఆ వీధే! మన పరువేం కాను?" అన్నాడు రాజు నిండు సభలో.

మంత్రి భుజంగరాజు లేచి, "ఏనుగుల చేత తొక్కించేద్దాం ప్రభూ. ఒక్క పూట పని" అన్నాడు.

రాజు సరేనని తల ఊపబోయాడు. అంతలో తిప్పన్న లేచి నిలబడ్డాడు. చమత్కారంగా మాట్లాడతాడని రాజే ముచ్చటపడి కొలువులో పెట్టుకున్న మనిషి.

"ప్రభూ, ఇళ్ళు కూలిస్తే శిథిలాలు మిగులుతాయి. వాటిని చూసి హంసవరం రాజు, పోయిన యుద్ధంలో గెలిచింది తానేనని మురిసిపోతాడేమో!"

సభలో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. రాజు ముఖం ఎర్రబడింది.

"అయితే మేడల బొమ్మలు వేసిన గుడ్డలు వీధి పొడవునా ఇళ్ళకు అడ్డంగా కట్టించు. అవి నప్పకపోతే ఏనుగులు ఉండనే ఉన్నాయి. ఈ భారం నీదే తిప్పన్నా! ఊరికి కొత్తగా వచ్చినవాడి కంట వికారమైనది ఒక్కటి పడినా, నీ తల కోటగుమ్మానికి వేలాడుతుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తిప్పన్న చేతులు జోడించి కూర్చున్నాడు.

మంత్రి ఊరుకోలేదు. కుమ్మరివీధి జనం గుడ్డలు దాటి బయటికి రాకూడదన్నాడు. పాత కుండలు చూడ్డానికి బాగుండవని గుమ్మం దగ్గరి చలివేంద్రం తీయించేశాడు. దుమ్ముకాళ్ళతో వచ్చేవాడు ఎంతటివాడైనా సరే లోపలికి రానివ్వకూడదని కాపలావాళ్ళకు ఆజ్ఞ రాయించాడు. రాజు అన్నిటికీ ముద్ర వేశాడు.

గుడ్డలు కట్టడం పూర్తయింది. దూరం నుంచి చూస్తే నిజంగానే మేడల వరుస. చిత్రకారులు కిటికీల్లో చిలకల పంజరాలు కూడా వేశారు.

అప్పుడు తిప్పన్న రాజు దగ్గరికి వెళ్ళి, "ప్రభూ, తమరు ఈ ఊళ్ళోనే పుట్టారు. దీన్ని కొత్తవాడి కళ్ళతో ఎన్నడూ చూడలేదు. మామూలు బాటసారిలా ఒక్కసారి తూర్పు గుమ్మంలోంచి నడిచి రండి. నా తల ఉంచాలో తీయాలో తమరే తేల్చండి" అన్నాడు.

రాజుకు ఆ సరదా నచ్చింది. ఉంగరాలు తీసేసి, ముతక పంచె కట్టి, తలకు గుడ్డ చుట్టుకుని, తిప్పన్నతో కలిసి పడమటి దారిన బయటికి పోయి ఊరు చుట్టి వచ్చాడు. నడినెత్తిన ఎండ. పల్లకి దిగి ఎరగని పాదాలు బొబ్బలెక్కాయి. తూర్పు గుమ్మం చేరేసరికి నోరు పిడచకట్టుకుపోయింది.

"ఏయ్, ఆగు! కాళ్ళు చూసుకున్నావా? పో వెనక్కి" అని కాపలావాడు ఈటె అడ్డం పెట్టాడు.

"కడుక్కుంటాను. నీళ్ళేవి?" అన్నాడు రాజు.

"చలివేంద్రం తీసేశారు. రాజాజ్ఞ."

"నేనే ఆ రాజును! తప్పుకో!"

కాపలావాళ్ళు ముఖాలు చూసుకున్నారు. తిప్పన్న ముందుకు వచ్చి, "నిజమేనయ్యా, ఈయన మహారాజుగారే" అన్నాడు.

వాళ్ళు విరగబడి నవ్వారు. "మీ చమత్కారాలు మా దగ్గరా తిప్పన్నగారూ?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. అంతలోనే అతని నవ్వు ఆగిపోయింది. "రాజునని చెప్పుకుంటూ కోటలో దూరబోతున్నాడంటే వీడు శత్రువుల వేగు అయ్యుండాలి. కట్టండి చేతులు!"

తిప్పన్న ఈటెకు అడ్డం వెళ్ళాడు. రాజుకు దాహం రుచి చూపించాలని అనుకున్నాడు గాని, ఈటె మొన ఆయన రొమ్ము మీదికి వస్తుందని అనుకోలేదు. బతిమాలాడు, ఒట్లు వేశాడు. జీవితంలో మొదటిసారి వేళాకోళం లేకుండా మాట్లాడుతుంటే, ఒక్కడూ నమ్మడే!

రాజు చేతులు కట్టి చెరసాలకు నడిపించారు. వీధంతా నిర్మానుష్యం. ఎటు చూసినా బొమ్మ తలుపులు, బొమ్మ అరుగులు. నీడ లేదు, పలకరించే మనిషి లేడు. రాజుకు కళ్ళు తిరిగాయి. ఆసరాకోసం ఒక తలుపు మీదికి ఒరిగాడు. అది గుడ్డ. పర్రున చిరిగింది. ఆయన ఆ చిరుగులోంచి అవతలి పెరట్లో బోర్లా పడ్డాడు.

అక్కడ కుండలు ఆరబెడుతున్న పోలమ్మ అనే ముసలావిడ, "అయ్యో నాయనా!" అంటూ పరుగెత్తుకొచ్చింది. తల పైకెత్తి, ముంతతో నీళ్ళు తాగించింది. చేతుల కట్లు విప్పబోయింది.

"అవ్వా, తప్పుకో! మిమ్మల్ని బయటికి రావద్దన్నారు కదా?" అని అరిచాడు కాపలావాడు.

"నేనెక్కడికి వచ్చాను? ఈయనే మా ఇంటికి వచ్చాడు. ఇంటికొచ్చినవాడికి నీళ్ళియ్యవద్దని ఆజ్ఞ ఉందా? ఉంటే చూపించు!"

వాడు ఈటె దించాడు. ఆవిడ కట్లు విప్పేసి, రాజు పాదాల బొబ్బలు చూసి, తడిగుడ్డ చుడుతూ నెమ్మదిగా అంది:

"ఊరికి కొత్తలా ఉన్నావు బాబూ. ఈ ఊరు ఇలాంటిదని మీ ఊళ్ళో చెప్పబోకు. మామూలప్పుడైతే గుమ్మం దగ్గరే మజ్జిగిచ్చి, నీడన కూర్చోబెట్టేవాళ్ళం. మా రాజుగారూ చెడ్డవారు కాదు. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని కంగారు పడుతున్నారు, అంతే. రేపో మాపో మా కొంపలు తీసేస్తారట. ఈలోగా వచ్చావు, అదే సంతోషం."

రాజు తల వంచుకున్నాడు.

అప్పుడే వీధిలో ఏనుగు గంట వినిపించింది. మంత్రి భుజంగరాజు గుడ్డల ఏర్పాటు చూడ్డానికి వచ్చాడు. చిరుగు చూసి మండిపడుతూ, "ఎవడు చింపింది? వాడి చెయ్యి నరకండి!" అని గర్జించాడు.

"ఇదిగో, ఈ చెయ్యే" అంటూ రాజు లేచి నిలబడ్డాడు.

మంత్రి ఏనుగు మీంచి దిగాడో జారాడో తెలియదు. కాపలావాళ్ళు ఈటెలు వదిలి నేల మీద పడ్డారు. పోలమ్మ చేతిలో తడిగుడ్డ అలాగే ఉండిపోయింది.

"మీరు నా ఆజ్ఞ పాటించారు, లేవండి" అన్నాడు రాజు కాపలావాళ్ళతో. ఆ పైన తిప్పన్న వైపు తిరిగాడు. చూపు కత్తిలా ఉంది. "తిప్పన్నా! నీ తల సంగతేమిటి?"

తిప్పన్న పెదవులు తడుపుకున్నాడు.

"ఊరికి కొత్తగా వచ్చినవారు తమరే ప్రభూ. కంట పడిన వికారమైనది ఏదో తమరు సెలవిచ్చి, అది పెట్టించినవారి తల తీయించండి. అడ్డం పెట్టిన ఈటె, తీసేసిన చలివేంద్రం, తెరుచుకోని తలుపులు... వీటిలో నావి ఏవి, తమరివి ఏవి?"

గాలికి చిరిగిన గుడ్డ టపటపా కొట్టుకుంది. రాజు ఆ గుడ్డ వంక చూశాడు. మెల్లగా ఆయన భుజాలు కదిలాయి. మరుక్షణం కుమ్మరివీధి మారుమోగేలా నవ్వాడు.

"నీ తలకు నా తలనే అడ్డం పెట్టావు కదరా! మంత్రీ, ఈ గుడ్డలు దించి వీళ్ళ పెరళ్ళకు పందిళ్ళు వేయించు. హంసవరం రాజుకు మొదటి మజ్జిగ ఈ అవ్వ చేత్తోనే."

హంసవరం రాజు వచ్చాడు, తాగాడు, ఇంకో ముంత అడిగి తాగాడు. గిర్రున తిరిగే కుమ్మరి సారె మీద కుండ లేస్తుంటే చూస్తూ అక్కడే కూర్చుండిపోయాడు. సంధిపత్రం మీద సంతకం కూడా ఆ పందిట్లోనే అయింది.

ఆ సంతోషంలో రణధీరవర్మ, "ఏం కావాలో కోరుకో" అన్నాడు తిప్పన్నతో.

"ప్రభూ, నేను రాజు కాకపోవచ్చు గాని, ఆవేళ నా కాళ్ళూ బొబ్బలెక్కాయి. వాటి సంగతి ఎవరూ అడగలేదు" అన్నాడు తిప్పన్న.

రాజు కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, తన సొంత పల్లకి అతనికి ఇచ్చేశాడు. తాను మాత్రం ఆనాటి నుంచి ఊళ్ళోకి నడిచే వచ్చేవాడట.